టీవీనే బోర్డు చేసుకుని ఇన్నాళ్లు వాడాక: ల్యాప్‌టాప్ వైర్‌లెస్ మిర్రరింగ్ మీద నా రివ్యూ

మిర్రరింగ్ అంటే ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో ఉన్నది టీవీ మీద కనపడేలా చేయడం. ముందే చెప్పేస్తా, చూపించడానికి వైర్‌లెస్ సూపర్, రాయడానికి మాత్రం వైరే దిక్కు. ఒక్క లైన్లో అయిపోయే దానికి ఇంత పొడుగు రివ్యూ ఎందుకంటే, షాపులో టీవీ అమ్మేటప్పుడు ల్యాప్‌టాప్ కూడా కనెక్ట్ అవుద్ది మేడమ్, వైర్ కూడా అక్కర్లేదు అని ఒక మాట అనేసి బిల్లు కొట్టేస్తారు, ఎలా కనెక్ట్ అవుద్ది, ఏ పనికి బాగుంటది, ఏ పనికి ఏడిపిస్తది అన్నది మనం ఇంటికి తెచ్చుకున్నాకే తెలుస్తది.

మాది తెనాలి. ఇంట్లోనే ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్తాను. హాల్లో గోడకి 55 అంగుళాల స్మార్ట్ టీవీ, టేబుల్ మీద విండోస్ 11 ల్యాప్‌టాప్, దానికి ఒక పెన్ టాబ్లెట్ (పెన్నుతో రాస్తే ల్యాప్‌టాప్‌లో పడే పలక), ఇదీ సెటప్. టీవీ ఏ కంపెనీదో, ల్యాప్‌టాప్ ఏ కంపెనీదో చెప్పను, కింద కొన్ని తిట్లు ఉన్నాయి, అవి మోడల్ మోడల్‌కీ మారతాయి కాబట్టి ఎవరో ఒకరి మీద వేయడం బాగోదు.

నేను రోజూ వాడేది మిరాకాస్ట్. విండోస్ కీ, కే కలిపి నొక్కితే పక్కన లిస్టు వస్తది, అందులో మన టీవీ పేరు నొక్కితే అటు టీవీ మీద ఒప్పుకోమంటారా అని అడుగుద్ది, రిమోట్‌తో ఓకే కొడితే అయిపోయింది. కొన్ని టీవీలు ముందు స్క్రీన్ షేర్ అనో స్క్రీన్ మిర్రరింగ్ అనో ఉండే యాప్ ఓపెన్ చేసి పెడితేనే లిస్టులో కనపడతాయి, ఫైర్ స్టిక్‌లో మిర్రరింగ్ ఉన్న మోడల్ అయితే రిమోట్‌లో హోమ్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఈ మిరాకాస్ట్ వైఫై అలయన్స్ అనే కంపెనీల సంఘం వాళ్లు 2012లో తెచ్చిన స్టాండర్డ్, విండోస్‌లో 8.1 నుంచి లోపలే ఉంది, విడిగా ఏ సాఫ్ట్‌వేరూ వేయక్కర్లేదు. ల్యాప్‌టాప్, టీవీ రెండూ వైఫై డైరెక్ట్ అని వాటి మధ్య వాటికే ఒక లింకు పెట్టుకుంటాయి, మధ్యలో రౌటర్ పని లేదు, నెట్ అసలే అక్కర్లేదు. నేను దీనికి అతుక్కుపోయింది ఈ ఒక్క గుణం వల్లే. మా వీధిలో ఎత్తుగా లోడేసుకున్న లారీ వచ్చిందంటే ఫైబర్ వైరు తెగినట్టే, సాయంత్రం నెట్ పోతే మళ్లీ పొద్దున్నే, కానీ పీడీఎఫ్‌లు, లెక్కల బొమ్మలు గీసే జియోజెబ్రా సాఫ్ట్‌వేరు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి కాబట్టి క్లాసు ఆగదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద రౌటర్ ఆగి మళ్లీ లేచే టైములో కూడా టీవీ మీద బొమ్మ అలాగే ఉంటది, అంటే టీవీ కూడా ఇన్వర్టర్ లైన్లో ఉంటేనే లెండి.

ఇంకో దారి గూగుల్ కాస్ట్. 2013లో క్రోమ్‌కాస్ట్ అనే చిన్న డాంగిల్‌తో మొదలైంది, ఆ డాంగిల్ తయారీ 2024లో ఆపేశారు గానీ అదే పద్ధతి ఇప్పుడు ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల లోపలే వస్తుంది. క్రోమ్ బ్రౌజర్‌లో మూడు చుక్కలు నొక్కి కాస్ట్ అంటే ట్యాబ్ ఒక్కటే పంపాలా, మొత్తం స్క్రీనా అని అడుగుద్ది. దీనికి మాత్రం ల్యాప్‌టాప్, టీవీ ఒకే వైఫైలో ఉండాలి, ఒకటి మెయిన్ వైఫైలో ఇంకోటి గెస్ట్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనపడవు, చాలామంది టీవీ దొరకట్లేదు అని తల పట్టుకునేది ఇక్కడే. ఇందులో ఇంకో తేడా ఉంది, అది తెలిస్తే సగం చిరాకు తగ్గుద్ది. యూట్యూబ్ వీడియోలోనే ఉండే కాస్ట్ బొమ్మ నొక్కితే టీవీ సొంతంగా నెట్ నుంచి ఆ వీడియో లాక్కుంటది, మన ల్యాప్‌టాప్ ఉత్త రిమోట్ అయిపోద్ది, మూత వేసేసినా ఆడుతూనే ఉంటది. అదే ట్యాబ్ కాస్ట్ అయితే ల్యాప్‌టాపే ఆ బొమ్మని పట్టి, కంప్రెస్ చేసి పంపాలి. అందుకే అదే వీడియో, అదే ఇల్లు, అదే నెట్, ఒకసారి అద్దంలా వస్తది, ఒకసారి తడబడుతూ వస్తది.

ఇక క్లాసులో ఎలా ఉందంటే, బొమ్మలు చూపించే చాప్టర్లకి దీన్ని మించింది లేదు. శాంకవాలు చెప్పేటప్పుడు జియోజెబ్రాలో ఉత్కేంద్రతకి ఒక స్లైడర్ పెట్టుకుని, ఒకటి కన్నా తక్కువలో ఎలిప్స్, సరిగ్గా ఒకటి దగ్గర పారాబోలా, ఒకటి దాటగానే హైపర్‌బోలా, అలా మెల్లగా జరుపుతూ పోతే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, బోర్డు మీద సుద్దతో ఆ మూడు బొమ్మలూ విడివిడిగా గీస్తే అవి ఒకే కుటుంబం అని ఎంత అరిచినా ఎక్కదు. త్రీడీ జామెట్రీ కూడా అంతే, తలాన్ని తిప్పి చూపిస్తే చాలు. స్లైడర్ జరిపాక టీవీలో ఒక్క క్షణం లేటుగా కదిలినా ఎవరికీ పట్టదు. పాత ఈఏపీసెట్ పేపర్లు, పీడీఎఫ్‌లు, ఎక్సెల్‌లో మార్కులు, అన్నిటికీ ఫుల్ మార్కులు ఇస్తా.

విండోస్ కీ, పీ నొక్కితే వచ్చే వాటిలో డూప్లికేట్ బదులు ఎక్స్‌టెండ్ పెట్టుకోమని టీచర్లందరికీ చెప్తున్నా. టీవీ రెండో మానిటర్ అయిపోద్ది, ప్రశ్న అటు, సొల్యూషన్ నా దగ్గర. డూప్లికేట్‌లో ఉంటే మా అత్తగారి వాట్సాప్ మెసేజ్ 55 అంగుళాల్లో క్లాసు మొత్తం చదువుద్ది. డూప్లికేటే కావాలంటే నోటిఫికేషన్ల సెట్టింగ్‌లో స్క్రీన్ డూప్లికేట్ చేసినప్పుడు డు నాట్ డిస్టర్బ్ ఆన్ అవ్వాలి అని ఒక ఆప్షన్ ఉంది, అది టిక్ చేసి పెట్టుకోండి. ట్యాబ్ కాస్ట్‌లో ఈ గొడవ లేదు, ఆ ట్యాబ్ తప్ప ఏదీ బయటికి పోదు.

ఇప్పుడు అసలు బాధ, పెన్ను. నా పెన్ టాబ్లెట్‌కి స్క్రీన్ లేదు, నల్ల పలక మాత్రమే, నేను పిల్లల వైపు తిరిగి నిలబడి, టీవీ వైపు చూస్తూ రాయాలి. మెరుపు ముందు, ఉరుము తర్వాత వచ్చినట్టు చెయ్యి కదిలిన కాసేపటికి గీత వస్తది. కాసేపు అంటే సెకన్లు కాదు, సెకనులో చిన్న ముక్కే, కానీ రాసే చేతికి ఆ ముక్క చాలా పెద్దది. ఇంటిగ్రల్ గుర్తు పాములా మెలికలు తిరుగుద్ది, భిన్నం గీత పైనున్న అంకెని కొట్టేస్తది. టీవీ చూడటం మానేసి ల్యాప్‌టాప్ చూస్తూ రాస్తే రాత బాగానే వస్తది, అప్పుడు పిల్లలకి నా మాట ముందు, రాత వెనక. ఇలా ఎందుకంటే స్క్రీన్‌ని పట్టుకోవాలి, దాన్ని వీడియోగా కంప్రెస్ చేయాలి, గాల్లో పంపాలి, టీవీ దాన్ని విప్పాలి, విప్పాక టీవీ తన సొంత మెరుగులు దిద్దాలి, ప్రతి మెట్టు దగ్గరా కొంచెం కొంచెం ఆలస్యం. దీన్ని తగ్గించుకోవచ్చు, పూర్తిగా పోగొట్టలేం. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఆ చివరి మెరుగులు ఆగిపోతాయి, తేడా బాగా తెలుస్తది. కనెక్ట్ అయ్యాక స్క్రీన్ పైన ఒక చిన్న పట్టీ వస్తుంది కదా, అందులో గేమింగ్, వర్కింగ్, వీడియోలు చూడటం అని మూడు ఉంటాయి, చాలామంది ఆ పట్టీని అడ్డం అని పక్కకి తోసేస్తారు, అందులో గేమింగ్ పెడితే ఆలస్యం తగ్గుద్ది, బదులుగా బొమ్మ అప్పుడప్పుడు గళ్లు గళ్లుగా విరుగుద్ది. సినిమా చూసేటప్పుడు మూడోది పెట్టుకోవాలి, ఆలస్యం పెరిగినా సాఫీగా పోద్ది. ఇవన్నీ చేశాక కూడా ఇంటిగ్రేషన్ చాప్టర్ రోజున నేను హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలిస్తా. అయిదు మీటర్ల కేబుల్, కొన్ని వందల్లో వస్తది. గోడకి బిగించిన టీవీ వెనక్కి చెయ్యి పోదు కాబట్టి ఒక కొన ఎప్పుడూ టీవీకి గుచ్చే ఉంచి, రెండో కొన పక్కన మేకుకి వేలాడదీశా.

రంగుల సంగతి కూడా చెప్పాలి. నాది 4కే టీవీయే గానీ మిరాకాస్ట్‌లో నాకు వచ్చేది 1080పీనే, పెద్ద అక్షరాలకి పర్లేదు, విండోస్ స్కేల్ 150 శాతం పెట్టుకుంటే వెనక బెంచీకి కూడా కనపడుద్ది. కాకపోతే వీడియోగా కంప్రెస్ చేసేటప్పుడు వెలుగునీడల వివరాలు ఉంచి రంగు వివరాలు తగ్గించేస్తారు, అందువల్ల సన్నటి ఎర్ర అక్షరాలు అంచులు చెదిరి అలుక్కుపోయినట్టు కనపడతాయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నలుపు, ముదురు నీలం వాడండి, ఎరుపు కావాలంటే లావు గీత. నాలుగు పక్కలా అంచులు తెగిపోయి టాస్క్‌బార్ సగమే కనపడితే అది టీవీ పిక్చర్ సైజు సెట్టింగ్, ఫిట్ టు స్క్రీన్ అనో జస్ట్ స్కాన్ అనో ఉంటది, ల్యాప్‌టాప్‌లో వెతకొద్దు.

వైఫై విషయానికొస్తే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్లో ఇంటికో రౌటర్, పైగా వంటింట్లో మైక్రోవేవ్ కూడా అదే ఫ్రీక్వెన్సీ దగ్గరే పని చేస్తది, అది తిరిగినంతసేపూ మా హాల్లో పారాబోలా వణుకుద్ది. ల్యాప్‌టాప్‌ని ఇంటి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాక చాలావరకు తగ్గింది. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక్క వైఫై రేడియోనే ఇటు రౌటర్‌తో, అటు టీవీతో మాట్లాడాలి, రెండూ వేరే వేరే ఛానళ్లలో ఉంటే అటూ ఇటూ పరిగెత్తలేక నెట్టూ నెమ్మదిస్తది, బొమ్మా ఆగుద్ది. టీవీకి పేరు కూడా మార్చుకోండి, పై ఫ్లోర్ వాళ్లదీ మాదీ ఒకే మోడల్, ఒకే పేరు, వాళ్లబ్బాయి క్రికెట్ గేమ్ పంపిస్తుంటే క్లాసు మధ్యలో మా టీవీ మీద ఒప్పుకోమంటారా అని వచ్చేది. ఒప్పుకోమని మా పిల్లలంతా ఒకటే గోల.

సౌండు మామూలుగా టీవీలోకే పోద్ది, బొమ్మా సౌండూ కలిసే పోతాయి కాబట్టి పెదాలకీ మాటకీ తేడా రాదు. ఆన్‌లైన్‌లో కూడా ఒకరిద్దరు పిల్లలు క్లాసు వింటుంటే మాత్రం గోలే, టీవీ స్పీకర్లోంచి వచ్చిన గొంతు ఆలస్యంగా ల్యాప్‌టాప్ మైకులోకి దూరి ఎకో వస్తది. సౌండ్ అవుట్‌పుట్ ల్యాప్‌టాప్‌కి మార్చేయండి, అప్పుడు వీడియో పెడితే మాట ముందు, బొమ్మ వెనక అవుద్ది, అది భరించాల్సిందే.

సినిమాల కోసమే కొందామనుకునేవాళ్లకి ఒక మాట. ఓటీటీలో సినిమా పెట్టి స్క్రీన్ మిర్రర్ చేస్తే చాలాసార్లు సౌండు వస్తది, బొమ్మ ప్లేసులో నలుపు, అది పాడైనట్టు కాదు, కాపీ కొట్టకుండా పెట్టిన తాళం. టీవీలోనే ఆ యాప్ ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఎందుకు చెప్పండి.

బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మా తమ్ముడు మ్యాక్‌బుక్ తెస్తాడు, మ్యాక్‌లో మిరాకాస్ట్ ఉండదు, ఆపిల్ వాళ్ల సొంత పద్ధతి ఎయిర్‌ప్లే ఉంటది, 2019 నుంచి కొన్ని కంపెనీల టీవీల్లో ఎయిర్‌ప్లే 2 వస్తుంది, మా దాంట్లో లేదు, వాడు మేకుకి వేలాడే కేబులే వాడుకుంటాడు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ ఆన్‌లో ఉండగా కనెక్ట్ అవ్వకపోవచ్చు, కొన్ని ఆఫీసులు ఈ ఫీచర్నే మూసేసి ఇస్తాయి, ఇంట్లో ఎంత గింజుకున్నా లాభం లేదు, ఐటీ వాళ్లని అడగాలి.

చిరాకులు ఇంకా ఉన్నాయి. ఒక్కోసారి కనెక్టింగ్ అని తిరుగుతూనే ఉండి కనెక్ట్ కాలేదు అంటది. రిమోట్‌తో ఆపితే టీవీ నిజంగా ఆగదు, నిద్రపోద్ది అంతే, గోడ దగ్గర స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగి వేస్తే చాలాసార్లు దారికొస్తది. అప్పటికీ కాకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్, డివైజెస్ దగ్గర టీవీ పేరు తీసేసి కొత్తగా జత చేయాలి. ఒకసారి వైఫై డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ అయ్యాక లిస్టులో టీవీ పేరే మాయం, పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్తే వచ్చింది. మిర్రరింగ్ నడుస్తుంటే బ్యాటరీ గబగబా దిగిపోద్ది, ఫ్యాన్ గోల, కాబట్టి ఛార్జర్ పెట్టే ఉంచుతా.

కొత్తగా కొనేవాళ్లు ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి చూసుకోండి. విండోస్ కీ, ఆర్ నొక్కితే వచ్చే రన్‌లో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని కొట్టి, సమాచారమంతా ఫైలుగా సేవ్ చేసి, అందులో మిరాకాస్ట్ అని వెతికితే అవైలబుల్ అని ఉందో లేదో తెలిసిపోద్ది, వైఫై కార్డు, గ్రాఫిక్స్ రెండూ ఒప్పుకుంటేనే అలా వస్తది. తర్వాత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకే వెళ్లండి. బాక్సు మీద స్క్రీన్ మిర్రరింగ్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఫోన్‌కి మాత్రమే బాగా పనిచేసేవి ఉన్నాయి. డిస్‌ప్లేలో ఉన్న టీవీకి కనెక్ట్ చేసి, పెయింట్ ఓపెన్ చేసి, టీవీ వైపు చూస్తూ మౌస్‌తో మీ పేరు రాయండి. ఆ రాత చదవడానికి వస్తే బిల్లు కొట్టించుకోండి, లేకపోతే హెచ్‌డీఎంఐ పోర్టు చెయ్యి పెట్టడానికి వీలుగా పక్కకి ఉన్న మోడల్ చూపించమనండి.