మేత బకెట్‌తో క్యాట్‌ఫిష్ వేటకి: రిజర్వాయర్, ఏరు, ఫీజు చెరువు, ఏది ఎవరికి నయం?

బస బుక్ చేసేటప్పుడు ఏసీ పనిచేస్తుందా, వేడినీళ్ళొస్తాయా, కారు పెట్టుకోడానికి చోటుందా అని అన్నీ అడుగుతాం గానీ, నీళ్ళలో మేత చల్లనిస్తారా అని ఎవరం అడగం. క్యాట్‌ఫిష్ కోసం బయల్దేరేవాళ్ళు ముందు కనుక్కోవాల్సింది అదే. గాలం వేసేముందు చేపల్ని ఒకచోటికి రప్పించడానికి చల్లే ఈ మేతని కొన్ని నీళ్ళలో పూర్తిగా నిషేధించారు, కొన్నిచోట్ల ఇంతకు మించి వేయకూడదని పరిమితి పెట్టారు. లాడ్జి వాళ్ళు "ఏం ఫర్వాలేదు సార్" అన్నా సరే, ఆ నీటి మీద అధికారం ఉన్న శాఖ నియమాలు మనం విడిగా చూసుకోవాలి, జరిమానా పడితే కట్టేది మనమే కదా. ఆ నియమాలు ఊరికే పెట్టినవి కూడా కాదు. చేపలు తినకుండా వదిలేసిన మేత అడుగున కుళ్ళి నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది, కదలని నీళ్ళలో అయితే మరీను.

ఈసారి వెళ్ళింది నేను, మా బావ, ఆయన పాత గాలపు కర్రలు. మేత ఇంట్లోనే తయారుచేసుకున్నాం: మొక్కజొన్న, గోధుమలు బకెట్‌లో పోసి, గింజలు ఉబ్బడానికి చోటు వదిలి, పైన నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళుంచి, మూత వదులుగా పెట్టి ఎండ తగిలేచోట పెడితే మూడు నుంచి ఐదు రోజుల్లో పులుస్తుంది. కంపు గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ కంపే పనిచేసేది. క్యాట్‌ఫిష్‌కి రుచి తెలుసుకునే మొగ్గలు నోట్లో, మీసాల మీదే కాకుండా ఒళ్ళంతా ఉంటాయి, లక్షకు పైనే అంటారు. నీళ్ళలో కరిగి వచ్చే అమైనో ఆమ్లాల్ని అది చాలా పలచగా ఉన్నా పసిగడుతుంది. అందుకే మేతలో చేపనూనె కుమ్మరించేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, నూనె పైకి తేలిపోతుంది, మన చేపేమో అడుగున ఉంటుంది.

ముందు దిగింది రిజర్వాయర్ పక్కన ఉన్న లాడ్జిలో. గది శుభ్రంగా ఉంది, బాల్కనీలోంచి నీళ్ళు కనపడతాయి, భోజనం వేళకి వస్తుంది, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి వంక పెట్టడానికేం లేదు. మేత బకెట్ విషయంలోనే పేచీ వచ్చింది. లోపలికి వద్దన్నారు, న్యాయమే. వెనక గోడ దగ్గర పెట్టుకోమన్నారు, పెట్టాం. మధ్యాహ్నం అటు వెళ్ళి చూస్తే, వాసన రాకూడదని ఎవరో పనివాళ్ళు మూత నొక్కి బిగించేసి పైన ఒక ఇటుక కూడా పెట్టారు. పులిసే గింజల్లోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది, ఎండలో ఇంకా ఎక్కువ. మూత మధ్యలో పూరీలా పొంగి ఉంది, ఇటుక ఒక పక్కకి జారుతోంది. బావ "దూరంగా ఉండరా" అని తలకి తువ్వాలు చుట్టుకుని కర్రతో ఇటుక తోసేశాడు, మూత గోడకి తగిలి కింద పడింది. ఆ తర్వాత గోడ కడిగే పని కూడా మాకే పడింది, అక్కడి మేనేజరు తప్పు తమ వాళ్ళదని ఒప్పుకోలేదు.

పడవ సర్వీసు అయితే ఇంకా నిరాశ. గంటల లెక్కన తీసుకునే ఆ పడవాయన మమ్మల్ని నేరుగా డ్యామ్ గోడకి దగ్గరగా, అన్నిటికంటే లోతున్న చోటికి తీసుకెళ్ళి "ఇక్కడే వెయ్యండి, పెద్దవన్నీ కిందే ఉంటాయి" అన్నాడు. నిండు ఎండాకాలంలో లోతైన రిజర్వాయర్‌లో నీళ్ళు పొరలుగా విడిపోతాయి, పైన వేడి నీళ్ళు, కింద చల్లటివి, రెండూ కలవవు. కింది పొరలో ఆక్సిజన్ దాదాపు అయిపోతుంది. అక్కడ మేత వేయడమంటే ఎవరూ లేని ఇంటికి క్యారేజీ పంపడమే. పడవలో ఉన్న ఫిష్ ఫైండర్ తెరమీద చేప గుర్తులన్నీ సగం లోతుకి పైనే ఉన్నాయి, కింద ఒక్కటీ లేదు. అది చూపించినా ఆయన వినలేదు, రేటు మాత్రం నడుస్తోంది. చివరికి బావే గట్టిగా చెప్పి వాగు వచ్చి కలిసే మూల వైపు తిప్పించాడు. అక్కడ పది పన్నెండు అడుగుల లోతు, కొంచెం ప్రవాహం, అడుగున పాత వాగు గట్టు. పడవకి రెండు కొసలా లంగరు వేయించాం, ఒక్కటే వేస్తే గాలికి పడవ తిరుగుతుంది, మేత ఒకచోట, గాలాల ఎర ఇంకోచోట అయిపోతాయి. గుప్పెడు గుప్పెడుగా చల్లుతూ కూర్చుంటే మధ్యరకం చేపలు కొన్ని పడ్డాయి. పడవాయన "నేను చెప్పలే, ఇక్కడుంటాయని" అన్నాడు!

ఏటి ఒడ్డున క్యాంపు దీనికి పూర్తిగా వ్యతిరేకం. టెంట్లు పాతవి, బాత్రూమ్ దూరం, దోమలు విపరీతం, ఫోను సిగ్నల్ గట్టెక్కితే గానీ రాదు. అయినా నన్నడిగితే మేత పెట్టి క్యాట్‌ఫిష్ పట్టాలనుకునేవాళ్ళకి ఇదే చోటు. పారే నీళ్ళు మన పని సగం చేసిపెడతాయి, వాసనని తీసుకెళ్ళి కింద ఎక్కడో ఉన్న చేపకి అందిస్తాయి, అది ఆ దారి పట్టుకుని ఎదురీదుతూ వస్తుంది. క్యాంపు నడిపే పెద్దాయన సర్వీసు అంటే ఏంటో చూపించాడు. వరద తర్వాత మడుగు పక్కకి జరిగిందనీ, పాత ఫొటోల్లో ఉన్నచోట ఇప్పుడు మోకాలి లోతే ఉందనీ ముందే చెప్పి, ఏరు మలుపు తిరిగేచోట బయటి గట్టు కింద కోసుకుపోయిన గుంత చూపించాడు.

అక్కడ మేం మేత చల్లలేదు, వేలాడదీశాం. ఉల్లిపాయల వల సంచిలో పులిసిన గింజలు, ఒక రాయి వేసి మూతి కట్టి, తాడుతో గుంతకి ఎగువన దింపాం. గింజలు సంచిలోనే ఉంటాయి, రసం మాత్రం కారుతూ ఉంటుంది, కాబట్టి చేపలు కడుపు నింపుకుని వెళ్ళిపోయే సమస్య లేదు, పైగా వచ్చేటప్పుడు తాడు లాగి మిగిలింది మనతో తెచ్చేసుకోవచ్చు. ఎరలు సంచికి దిగువన కొన్ని మీటర్ల దూరంలో, ఆ వాసన దారిలోనే పడాలి. పక్కకి పడితే దండగ. కొక్కేనికి గింజలు కాకుండా చేప ముక్క గుచ్చాం, చుట్టూ ఉన్న చిన్న మేతలో అదొక్కటే పెద్ద ముద్దలా తగలాలి.

పొద్దు వాలేవేళ మొదలైంది. ముందు చిల్లర చేపలు, కర్ర కొన టకటకా కొట్టుకుంటుంది, అప్పుడు లాగితే ఉత్త కొక్కెమే వస్తుంది. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు, చిల్లరవి తప్పుకున్నాయంటే పెద్దది వచ్చిందని లెక్క అన్నాడు పెద్దాయన. నిజంగానే కర్ర కొన తొందర లేకుండా వంగుతూ వంగుతూ నీళ్ళవైపు వెళ్ళిపోయింది. సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగి గుండ్రంగా ఉండే కొక్కెం) కాబట్టి గట్టిగా గుంజకూడదు, రీలు తిప్పుకుంటూ పోతే అదే మూతి మూలకి పట్టుకుంటుంది. ఛానెల్ క్యాట్‌ఫిష్ అనే రకం, మంచి బరువు. అదే ఏట్లో ఫ్లాట్‌హెడ్ అనే ఇంకో రకం క్యాట్‌ఫిష్ కూడా ఉందిగానీ దానికి పులిసిన గింజలంటే పట్టదు, అది బతికున్న చేపల్ని వేటాడే రకం, దానికోసం వెళ్ళేవాళ్ళు ఈ బకెట్ మోయడం వృథా. ఒకచోట గంట చూసినా అలికిడి లేకపోతే సంచి ఎత్తి ఇంకో చోటికి మారడమే.

చేప నోట్లోంచి కొక్కెం తీసేటప్పుడు బావ చేతికి పక్క రెక్క ముల్లు గుచ్చుకుంది. ఆ ముల్లులో కాస్త విషం ఉంటుంది, చెయ్యి లాగేస్తుంది. పెద్దాయన అడక్కుండానే చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళు తెచ్చి ముంచి ఉంచమన్నాడు, నొప్పి తగ్గింది. లాడ్జిలో అయితే రిసెప్షన్‌కి ఫోన్ చేసి క్యూలో ఉండేవాళ్ళం.

ఫీజు కట్టి పట్టుకునే చెరువు గురించి ఎక్కువ రాయను. కుర్చీలు, నీడ, అద్దెకి కర్రలు, చేప శుభ్రం చేసే బల్ల, ఐస్ అన్నీ ఉన్నాయి, పిల్లలతో వెళ్తే ఇదే హాయి. మేతకి మాత్రం అక్కడ పెద్ద విలువ లేదు, ఎందుకంటే గట్టు చుట్టూ ప్రతివాడూ ఏదో ఒకటి విసురుతూనే ఉంటాడు, మనది వేరుగా ఎలా తెలుస్తుంది? పైగా ఆ చేపలు పెల్లెట్లు, అంటే తయారుచేసి అమ్మే మేత గుళికలు, తిని పెరిగినవి. మా గింజల్ని వాసన చూసి వదిలేశాయి, పక్కాయన గుప్పెడు పెల్లెట్లు వేయగానే నీళ్ళు అట్టుడికినట్టయ్యాయి. అక్కడికి వెళ్ళేవాళ్ళు చెరువు యజమాని ఏం మేపుతున్నాడో కనుక్కుని అదే కొద్దిగా తీసుకెళ్తే చాలు.

నీళ్ళు బాగా చల్లబడే నెలల్లో మాత్రం ఇంత హంగామాతో వెళ్ళకండి, చేప కదలడమే తగ్గిస్తుంది, సంచి పెట్టి చలిలో వణకడం తప్ప ఏమీ ఉండదు. అద్దె కారులో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట: బకెట్ తొణికి డిక్కీ కార్పెట్‌లోకి దిగితే ఆ వాసన ఏ షాంపూకీ పోదు. సగానికి మించి నింపకుండా, కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, మూతకి చిన్న చిల్లు పొడిచి తీసుకెళ్ళండి, వెనక అద్దం కాస్త దించి ఉంచండి.