కేంద్రక రంధ్రాల మీద ప్రాజెక్టు: నప్98 మేలా, అలాడిన్ మేలా?

కడప, అనంతపురం, కర్నూలు విశ్వవిద్యాలయాల్లో జీవశాస్త్రం ఎం.ఎస్సీ. చదివేవాళ్లకు చివరి సెమిస్టరు రాగానే ప్రాజెక్టు బెంగ పట్టుకుంటుంది. కణ కేంద్రకపు రంధ్రాల మీద పనిచేద్దామనే ఆలోచన మంచిదే. అయితే ఆ రంధ్రంలో ఉన్నవి సుమారు 30 రకాల ప్రొటీన్లు. ‘న్యూక్లియోపోరిన్లు’ అని శీర్షిక పెట్టి అన్నింటి గురించీ తలా రెండు పేరాలు రాసుకుపోతే, వైవాలో మొదటి ప్రశ్నకే నోరు పెగలదు. ఒక్కదాన్నే పట్టుకోవాలి. అది ఏదన్నదే చర్చ.

ముందు కాస్త నేపథ్యం. జన్యువులు కేంద్రకం లోపల ఉంటాయి, ప్రొటీన్లు తయారయ్యేది బయట. నడుమ రెండు పొరల త్వచం. రాకపోకలకు దారి ఈ రంధ్రాలే. ఒక్కో రంధ్రంలో ప్రొటీన్లు ఎనిమిదేసి, లేదా దాని గుణిజాల లెక్కన అమరి, మనిషి కణంలోనైతే రంధ్రానికి మొత్తం వెయ్యి దాకా ఉంటాయి. దాదాపు 40 వేల డాల్టన్ల లోపు అణువులు ఎవరి సాయమూ లేకుండా దాటిపోతాయి. అంతకన్నా పెద్దవాటికి ఇంపోర్టిన్ వంటి వాహకం తోడు కావాలి. రంధ్రం మధ్యలో ఫినైల్‌అలనిన్, గ్లైసిన్ జంటలు పదేపదే వచ్చే ప్రొటీన్ పోగులు అల్లుకుని ఉంటాయి. కడప పెద్ద దర్గా ఉరుసు జనంలో ఎదురైన ప్రతివాడితోనూ చేయి కలుపుతూ సాగేవాడికి దారి దొరికినట్టు, ఆ పోగులకు తేలిగ్గా అంటి వెంటనే విడిపోయే వాహకమే అటు నుంచి ఇటు రాగలుగుతుంది.

నప్98 ఆ పోగుల జాతిది. విద్యార్థులు మొదట మోజుపడేదీ దీని మీదే, అందుకు కారణాలూ ఉన్నాయి. 11వ క్రోమోజోము మీది ఈ జన్యువు విరిగి 7వ క్రోమోజోము మీది హాక్స్‌ఏ9 అనే మరో జన్యువుతో అతుక్కుంటే తీవ్రమైన మైలాయిడ్ (మజ్జలోని కణాల నుంచి పుట్టే) రక్త క్యాన్సర్ వస్తుందని 1996లో తేలింది. ఆ తరువాత ఇలాంటి జోడీలు 30కి పైగా బయటపడ్డాయి. కలయిక ప్రొటీను రంధ్రం పని మానేసి, తన పోగుల బలంతో క్రోమాటిన్ (ప్రొటీన్లతో చుట్టుకున్న డీఎన్‌ఏ) మీద బొట్లుబొట్లుగా గుమిగూడి, అణిగి ఉండాల్సిన హాక్స్ జన్యువులను మేల్కొలుపుతుంది. ఎన్‌ఎస్‌డీ1 అనే జన్యువుతో కలిసిన రకం మరీ జిత్తులమారి. విరిగే చోట్లు క్రోమోజోముల కొసల్లో ఉండటంతో క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో చూసే మామూలు కేరియోటైప్ పరీక్షలో అది కంటికి ఆనదు. జన్యువుకు మెరిసే గుర్తు తగిలించి చూసే ఫిష్ (ఎఫ్‌ఐఎస్‌హెచ్) పరీక్షో, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగో చేయాలి.

కథ బాగుంది. కానీ దీని మీద చేతులతో పని చేయాలంటే ఎముక మజ్జ నమూనాలు, కణాల పెంపకం, ఖరీదైన సీక్వెన్సింగ్ అన్నీ కావాలి. ఒక్క సెమిస్టరులో అయ్యే పని కాదు. పైగా ప్రపంచంలో పెద్ద ప్రయోగశాలలు ఎన్నో ఇప్పటికే దీని వెంట పడ్డాయి.

నా ఓటు ఈ రంధ్రంలోదే అయిన మరో ప్రొటీను, అలాడిన్‌కే. దీనికి ఆకర్షణ తక్కువ, పని ఎక్కువ. దీన్ని తయారుచేసే ఏఏఏఎస్ అనే జన్యువు 12వ క్రోమోజోము మీద ఉంది. 16 ఎక్సాన్లు (జన్యువులో సంకేతం ఉండే ముక్కలు), 546 అమైనో ఆమ్లాల ప్రొటీను, అంటే చిన్నదే. ఇది చెడితే ట్రిపుల్ ఏ సిండ్రోమ్: ఏడ్చినా కన్నీళ్లు రావు, ఆహారవాహిక అడుగున బిగుసుకుని ముద్ద దిగదు, అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ చాలినంత ఇవ్వక చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఆల్‌గ్రోవ్ బృందం 1978లో ఈ జబ్బును వర్ణించింది; జన్యువు దొరికింది మాత్రం 2000లో. గుర్తించగలిగితే హైడ్రోకార్టిసోన్ ప్రాణం నిలబెడుతుంది.

ఇందులో నాకు నచ్చిన చిక్కుముడి ఒకటుంది. రోగుల కణాల్లో రంధ్రాలు చూడటానికి మామూలుగానే ఉంటాయి. ఒకే అమైనో ఆమ్లం మారిన అలాడిన్లు చాలావరకు రంధ్రానికి చేరక బయటి కణద్రవ్యంలోనే తిరుగుతుంటాయి. ప్రతి కణంలోనూ ఉండే ప్రొటీను లోపిస్తే జబ్బు కొన్ని అవయవాలకే ఎందుకు పరిమితం కావాలి? డీఎన్‌ఏను బాగుచేసే కొన్ని ప్రొటీన్లు కేంద్రకంలోకి సరిగా రాక, ఆక్సీకరణ దెబ్బకు ఆ కణాలు ముందు కూలుతాయన్నది ఒక వివరణ. ఎలుకల్లో ఈ జన్యువును తీసేసినా మనిషి జబ్బు రాదు కాబట్టి ఆ దారిలో తేల్చడం కష్టం.

ఇది అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన ప్రతులు రావాలి. మేనరికంలో ఏ జన్యువుకైనా బిడ్డకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం పదహారులో ఒక వంతు. అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదిలో ఒక వంతు. రాయలసీమలో ఈ రెండూ తెలియనివారు లేరు. అలాగని రోగులు బారులు తీరి ఉంటారని కాదు, జబ్బు చాలా అరుదు. నైతిక సంఘం అనుమతి లేకుండా ఊళ్లమీద పడి రక్తం సేకరించడం అసలే కూడదు.

మూడోదిగా జీపీ210 అనే రంధ్రపు ప్రొటీను పేరూ వినిపిస్తుంది. కాలేయంలోని పిత్తనాళాలు దెబ్బతినే ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్‌లో కొందరి రక్తంలో దీనికి ఎదురు తిరిగే యాంటీబాడీలు ఉంటాయి. కేంద్రకానికి ఎదురు తిరిగే యాంటీబాడీలను వెతికే ఏఎన్‌ఏ పరీక్షలో అవి కేంద్రకం అంచున ఉంగరంలా మెరుస్తాయి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సువాళ్లకు ఇదే అన్నింటికన్నా మేలు. ఎం.ఎస్సీ. స్థాయికి మాత్రం తవ్వేకొద్దీ దొరికే సరుకు ఇందులో తక్కువ.

అలాడిన్ అయితే కంప్యూటర్ ముందు కూర్చునే చాలా పని సాగుతుంది. జన్యు మార్పుల జాబితా అయిన క్లిన్‌వార్‌లో నమోదైన మార్పులను దించుకుని, ప్రొటీన్ల రూపం ఊహించే ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన ఆకృతి మీద గుర్తించి, ఈ ప్రొటీనును రంధ్రానికి కట్టి ఉంచే ఎన్‌డీసీ1 అనే ప్రొటీనుతో కలిసే చోటు ఎన్ని పడుతున్నాయో చూడవచ్చు. జనంలో ఏ జన్యు మార్పు ఎంత తరచుగా ఉందో చెప్పే గ్నోమ్యాడ్‌లో దక్షిణాసియా వారి లెక్కలు వేరుగా ఇస్తారు, వాటితోనూ పోల్చవచ్చు. నప్98 మీద మనసు చావనివాళ్లు కూడా ఇదే పద్ధతి ప్రయత్నించకపోరు. కానీ దాని పోగులకు స్థిరమైన ఆకృతి లేదు, ఆల్ఫాఫోల్డ్ అక్కడ చూపేది వదులుగా వేలాడే దారమే.