గాల్వో అద్దమా, రెసొనెంట్ అద్దమా: కణజాల చిత్రణకు ఏది మేలు?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎవరైనా సొంతంగా లేజర్ స్కానింగ్ సూక్ష్మదర్శినిని నిర్మించాలని పూనుకుంటే, కాంతికిరణాన్ని నమూనా మీద అటూ ఇటూ నడిపే అద్దం ఏ రకానిది కావాలో మొదట తేల్చుకోవాలి. లేజర్, కటకాలు, డిటెక్టర్ల ఎంపిక చాలావరకు ఈ నిర్ణయం మీదే ఆధారపడుతుంది. కదలని కణజాలానికి, నియంత్రణ శాస్త్రం నేర్చుకునే విద్యార్థులకు కోరిన కోణానికి తిరిగే గాల్వో మేలనీ, రక్తప్రవాహం వంటి సజీవ చలనాన్ని చూడవలసిన చోట తన సహజ పౌనఃపున్యంలోనే ఊగే రెసొనెంట్ స్కానర్ తప్ప దారి లేదనీ నా నిశ్చితాభిప్రాయం.

గాల్వోలో ఇరుసు చివర చిన్న అద్దం, ఆ ఇరుసును తిప్పే అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట, కోణాన్ని కొలిచే సెన్సార్ ఉంటాయి. చుట్టలో పారే కరెంటుకు అనులోమంగా టార్క్ (తిప్పుడు బలం) పుట్టి అద్దాన్ని తిప్పుతుంది. అద్దం ఒక డిగ్రీ తిరిగితే కిరణం రెండు డిగ్రీలు మళ్లుతుంది. జడత్వ భ్రామకం, ఘర్షణ, టార్క్ స్థిరాంకం తెలిస్తే దీని ప్రవర్తన సెకండ్ ఆర్డర్ అవకలన సమీకరణంలో ఇమిడిపోతుంది కనుక, బీటెక్ విద్యార్థి కూడా ఈ నమూనాను రాసి, కొలిచి, సరిచూసుకోగలడు. ఇరుసు స్వయంగా మెలిపడి కంపించే సహజ పౌనఃపున్యం కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది; కోణంలోని దోషాన్ని సరిదిద్దే పీఐడీ నియంత్రిక తీవ్రతను, అంటే గెయిన్‌ను పెంచుతూ పోతే అద్దం అక్కడే అదుపు తప్పుతుంది. అందుకే ఆ పౌనఃపున్యాన్ని ముందుగా కొలిచి, దాన్ని అణిచే నాచ్ ఫిల్టర్‌ను సర్వోలో (అద్దాన్ని కోరిన కోణంలో నిలిపే నియంత్రణ వలయంలో) చేర్చాలి.

అయితే గాల్వో వేగానికి గట్టి హద్దు ఉంది. స్కాన్ కోణాన్ని మార్చకుండా పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే కావలసిన టార్క్ నాలుగు రెట్లవుతుంది, కరెంటు కూడా అంతే పెరుగుతుంది, తీగచుట్టలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గంతో ముడిపడినది కనుక పదహారు రెట్లవుతుంది. అద్దాన్ని పెద్దది చేద్దామన్నా చిక్కే. వ్యాసంతో పాటు మందాన్ని కూడా అదే నిష్పత్తిలో పెంచితే జడత్వ భ్రామకం వ్యాసపు అయిదో ఘాతంగా పెరుగుతుంది. రంపపు పళ్ల తరంగంతో నడిపినప్పుడు అద్దం వెనక్కి గెంతే ఘట్టంలోనే ఈ భారమంతా పడుతుంది. మలుపులను గుండ్రం చేసిన త్రిభుజ తరంగంతో నడిపి, రెండు దిశల్లోనూ చిత్రాన్ని తీసుకోవడం దీనికి తగిన ఉపాయం. అలా 500 హెర్ట్జ్‌తో నడిపితే సెకనుకు 1000 గీతలు వస్తాయి. 512 గీతల చిత్రానికి సుమారు అర సెకను పడుతుంది. సర్వో ఆలస్యం 100 మైక్రోసెకన్లు ఉంటే, గీతకు 512 పిక్సెళ్లున్న చిత్రం 50 పిక్సెళ్ల మేర పక్కకు జరుగుతుంది. కానీ ఆ ఆలస్యం ప్రతి గీతలోనూ ఒకేలా ఉంటుంది కనుక, ఆదేశాన్ని ముందుగానే సరిచేసే ఫీడ్‌ఫార్వర్డ్‌తో గానీ, ఒక గీతలో వచ్చిన దోషాన్ని తరువాతి గీతలో సవరించే పద్ధతితో గానీ దాన్ని దాదాపు తుడిచివేయవచ్చు.

రెసొనెంట్ స్కానర్ స్వభావం వేరు. ఉయ్యాలను దాని ఊపుకు తగిన వేళలోనే తట్టినట్టు, అద్దాన్ని దాని సహజ పౌనఃపున్యంలోనే కొద్దిపాటి శక్తితో ఊపుతారు. 8 కిలోహెర్ట్జ్ అద్దంతో రెండు దిశల్లో కలిపి సెకనుకు 16,000 గీతలు, అంటే 512 గీతల చిత్రాలు సుమారు 30 వస్తాయి. ఈ వేగానికి మూల్యం ఉంది. అద్దం సైన్ తరంగంలోనే కదులుతుంది. కోరిన చోట ఆగదు, మధ్యబిందువు నుంచి పక్కకు జరగదు. అంచుల్లో నిదానిస్తుంది కాబట్టి అక్కడ కణజాలం మీద కాంతి మోతాదు ఎక్కువై, ఫ్లోరోసెంట్ (కాంతి తగిలితే వెలిగే) రంజకం త్వరగా వెలిసిపోతుంది. అందువల్ల మలుపుల వద్ద లేజర్‌ను మూసివేయాలి. ఊపులో మధ్యనున్న 90 శాతాన్ని 512 పిక్సెళ్లుగా పంచితే, మధ్య పిక్సెల్‌కు దొరికేది 70 నానోసెకన్లే, అంచు పిక్సెల్‌కు దాదాపు 160. సమాన కాలవ్యవధిలో తీసుకున్న విలువలను ఆర్క్‌సైన్ పట్టికతో తిరిగి సర్దకపోతే చిత్రం అంచుల్లో సాగిపోయి కనిపిస్తుంది.

అసలు కష్టం ఫేజ్ దగ్గర, అంటే అద్దాన్ని ఊపే డ్రైవ్ సంకేతానికీ ఆ ఊపుకూ మధ్యనున్న కాలతేడా దగ్గర ఎదురవుతుంది. అద్దం క్యూ విలువ (ఊపులో శక్తి నష్టం ఎంత తక్కువో చెప్పే కొలత) 200 అనుకుందాం. గది వేడెక్కి సహజ పౌనఃపున్యం 4 హెర్ట్జ్ తగ్గిందని, డ్రైవ్ మాత్రం పాత పౌనఃపున్యంలోనే ఉందని కూడా అనుకుందాం. ఊపు పరిమాణం సుమారు 2 శాతమే తగ్గుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఫేజ్ మాత్రం 11 డిగ్రీలు, అంటే దాదాపు 4 మైక్రోసెకన్లు జారుతుంది. పిక్సెళ్ల లెక్కలో అది 50కి పైమాటే, పైగా పోయే గీత ఒక వైపుకు, వచ్చే గీత మరో వైపుకు జరిగి చిత్రమంతా చీలిపోతుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగే ప్రయోగశాలల్లో ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు. అందుచేత పిక్సెల్ గడియారాన్ని డ్రైవ్ సంకేతం నుంచి కాక అద్దపు సొంత సెన్సార్ నుంచే తీసుకోవాలి. ఫేజ్‌లాక్ లూప్ పౌనఃపున్యాన్ని వెంబడిస్తూ ఉండగా, మరో లూప్ ఊపు పరిమాణాన్ని నిలకడగా ఉంచాలి.

వేగమే సర్వస్వమని భావించేవారు ఓసీటీ (ఆప్టికల్ కోహరెన్స్ టోమోగ్రఫీ) ఉదాహరణను గమనించాలి. 1991లో వెలుగు చూసిన ఈ పద్ధతిలో కంటి రెటీనా పొరలను లోతు వారీగా కొలుస్తారు. సెకనుకు 1,00,000 లోతు కొలతలు తీసుకునే యంత్రానికి 8 కిలోహెర్ట్జ్ అద్దాన్ని తగిలిస్తే ఒక్కో గీతలో ఆరు కొలతలే పడతాయి. అదే గాల్వోతో గీతకు 500 కొలతల చొప్పున సెకనుకు 200 అడ్డుకోతలు తీయవచ్చు. ఇక్కడ గాల్వోకు పోటీ లేదు.

మన ప్రాంతపు అవసరాన్ని కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. ఉద్దానం మండలాల్లో ఇన్నేళ్లుగా పీడిస్తున్న మూత్రపిండాల జబ్బును అర్థం చేసుకోవడానికి బయాప్సీ ముక్కలను ఎంత సూక్ష్మంగా చూడగలిగితే అంత మంచిది. ఆ ముక్కలు గాజు పలకల మీద కదలకుండా ఉంటాయి. ఒక్కో చిత్రానికి అర సెకను కాదు, పది సెకన్లు పట్టినా నష్టమేమీ లేదు. పిక్సెల్‌కు ఎక్కువ సమయం దొరకడం వల్ల మసక ఫ్లోరోసెన్స్ సైతం స్పష్టపడుతుంది, అనుమానం కలిగిన గ్లోమెరులస్ (మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే సన్నని రక్తనాళాల ముద్ద) మీదికే స్కాన్‌ను మళ్లించి దగ్గరగా చూడవచ్చు. ఈ పనికి రెసొనెంట్ అద్దాన్ని కొనడం నా దృష్టిలో డబ్బు వృథా చేయడమే.

జీబ్రాఫిష్ పిల్లల గుండె చప్పుడును, ఎలుక మెదడులో నాడీకణాల స్పందనను చూడదలచిన వారికి అర సెకను చాలా ఎక్కువ. వారు నిలువు దిశకు గాల్వోను, అడ్డ దిశకు రెసొనెంట్‌ను వాడాలి. స్తోమత ఉంటే అడ్డ దిశలోనే మరో గాల్వోను జతచేసుకోవచ్చు. రెసొనెంట్‌కు చేతకాని పక్కకు జరగడం దానివల్ల సాధ్యమవుతుంది. ఏ ఏర్పాటునైనా మొదటిసారి నడిపేముందు చిన్న కోణంలోనే పౌనఃపున్య స్పందనను కొలవాలి, ఎందుకంటే పెద్ద కోణాల్లో యాంప్లిఫయర్ కరెంటు హద్దును తాకి, కొలత అద్దాన్ని కాక యాంప్లిఫయర్‌ను చూపిస్తుంది.