పదకొండేళ్ళుగా నా కారులో ఏడుస్తున్న స్టీల్ గిటార్

ఈ సీడీ కొన్నది 2014లో. డాలస్ వచ్చి అప్పటికి రెండేళ్ళు. పాత కారు, బ్లూటూత్ లేదు, ఆఫీసుకి పోనూ రానూ గంటన్నర. అప్పట్లో కంట్రీ పాటల గురించి నాకు తెలిసిందల్లా టోపీలు, ట్రక్కులు, బీరు. విన్స్ గిల్ గొంతు ఎక్కడో విని నచ్చి, ఆయన పేరున్న సీడీ కనబడితే తీసుకున్నాను. అట్ట మీద ఇంకో పేరు కూడా ఉంది, పాల్ ఫ్రాంక్లిన్ అని. డ్యూయెట్ పాడేవాడేమో అనుకున్నాను. ఆయన ఒక్క ముక్క పాడడు. పెడల్ స్టీల్ గిటార్ వాయిస్తాడు, అంతే. గాయకుడి పక్కన వాయిద్యగాడి పేరు అదే సైజులో వేయడం ఎంత అరుదో చాలా తర్వాత తెలిసింది.

ఆల్బమ్ పేరు ‘బేకర్స్‌ఫీల్డ్’. 2013లో వచ్చింది, పది పాటలు. ఐదు బక్ ఓవెన్స్‌వి, ఐదు మెర్ల్ హాగర్డ్‌వి, ఇద్దరూ పాత బేకర్స్‌ఫీల్డ్ గాయకులే. బేకర్స్‌ఫీల్డ్ కాలిఫోర్నియాలో ఊరు. 1930లలో ఓక్లహోమా వైపు నుంచి కరువుకి, దుమ్ము తుఫాన్లకి తట్టుకోలేక వలస వచ్చిన జనం పొలాల్లో, చమురు బావుల దగ్గర పని చేసుకుంటూ స్థిరపడిన ప్రాంతం. హాగర్డ్ పుట్టిన కుటుంబం ఒక పాత రైలు పెట్టెను ఇల్లుగా మార్చుకుని ఉండేది. 1960లలో కంట్రీ పాటల రాజధాని నాష్‌విల్‌లో వయొలిన్ల గుంపు, కోరస్ పెట్టి పాటల్ని నున్నగా చేస్తుంటే, బేకర్స్‌ఫీల్డ్ వాళ్ళు టెలికాస్టర్ గిటారూ, స్టీలూ, డ్రమ్సూ పెట్టి కరుగ్గా వాయించారు. ఆ పాటల్నే నలభై, యాభై ఏళ్ళ తర్వాత నాష్‌విల్ వాళ్ళు ఇద్దరు మళ్ళీ వాయించారన్నమాట. గిటార్ సోలోలు గిల్ స్వయంగా వాయించుకున్నాడు.

మొదటి ఏడాది నేను స్టీల్ విన్నానని చెప్పలేను. అది నేపథ్యంలో ఏదో కుయ్యిమంటూ ఉండేది. వినడం మొదలైంది అమ్మ వచ్చినప్పుడు. పెళ్ళి కాకముందు ఆరేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి. కారులో పక్క సీట్లో కూర్చుని, ‘టుగెదర్ అగైన్’ సగంలో, "ఇదేం వాయిద్యంరా, జారు ఇంత బాగా పలుకుతోంది? గోటువాద్యమా?" అంది. కాదమ్మా, గిటారే, ఉక్కు కడ్డీ పెట్టి వాయిస్తారు అన్నాను. కాసేపు విని, "ఒక తీగ జారుతుంటే పక్క తీగ కదలకుండా ఎలా ఉందిరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం చదివాను, చదివి ఊరుకోలేక కొన్నాను. మన స్వరాల్లో చెబితే సులువు. ఈ వాయిద్యానికి మామూలుగా పది తీగలు, శ్రుతి పేరు ‘ఈ నైన్త్’ (E9). అందులో E స్వరాన్ని షడ్జమం అనుకోండి. ఎడమ పాదం కింద మొదటి పెడల్ తొక్కితే పంచమం తీగలు రెండూ ధైవతానికి ఎక్కుతాయి. రెండో పెడల్ తొక్కితే గాంధారాలు మధ్యమానికి ఎక్కుతాయి. ఒక మోకాలి లీవర్ పక్కకి నెడితే షడ్జమం నిషాదానికి దిగుతుంది. మిగిలిన తీగలు ఎక్కడివక్కడే. అంటే సగపలు కలిసి మోగుతుండగా అందులోంచి పా ఒక్కటే మెల్లగా దా వైపు నడుస్తుంది, సా మాత్రం నిలబడి చూస్తుంటుంది. అమ్మ అడిగింది దీని గురించే. వీణలో తీగని లాగితే ఆ తీగే పలుకుతుంది, గోటువాద్యంలో కడ్డీ జరిపితే దాని కింద ఉన్నవన్నీ కలిసి జారతాయి. ఇక్కడ రెండూ ఉన్నాయి, పైగా కాళ్ళతో.

1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కి ఆ నడకని వినిపించాడు. పాట పెద్ద హిట్టయింది. అంతకు ముందు పెడల్ ఉన్నా, శ్రుతి మార్చుకోడానికి మాత్రమే వాడేవారు. ఆ పాట తర్వాత స్టీల్ వాయించే ప్రతివాడూ ఇంట్లో గిటార్‌కి పెడళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టాడట.

నా గిటార్ సెకండ్ హ్యాండ్, నేర్చుకునేవాళ్ళ మోడల్, మూడు పెడళ్ళు నాలుగు లీవర్లు. అమ్మినతను ఒక పెడల్ కడ్డీ పెట్టడం మర్చిపోయి పంపాడు, అది రావడానికి మూడు వారాలు. ఆరేళ్ళయింది. దాని ముందు కూర్చోవడం కుట్టుమిషను ముందు కూర్చున్నట్టే ఉంటుంది, కాకపోతే కుట్టుమిషను ఇంత కష్టపెట్టదు. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ, కుడి చేతి బొటనవేలికీ రెండు వేళ్ళకీ పిక్కులు, ఎడమ పాదం పెడళ్ళ మీద, రెండు మోకాళ్ళూ లీవర్ల మధ్య, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద. మీటిన నాదం సన్నగిల్లే కొద్దీ కుడి పాదం నొక్కుతూ దాన్ని నిలబెట్టాలి. మెట్లు ఉండవు, గీతలే ఉంటాయి. కడ్డీ గీతకి వెంట్రుకవాసి అటైతే అపశ్రుతి. మొదటి నెల మా ఆవిడ, "పిల్లి తోక మీద కుర్చీ వేసుకుని కూర్చున్నావా?" అని అడిగింది. హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాను.

అన్నిటికంటే కష్టం మీటడం కాదు, ఆపడం. పది తీగలూ దేనికదే మోగుతూ ఉంటాయి. అక్కర్లేని తీగని అరచేతి అంచుతో ఆపకపోతే మొత్తం బురదలా కలిసిపోతుంది. దీన్ని బ్లాకింగ్ అంటారు. ఏడాది పాటు నేను నేర్చుకున్నది ఇదొక్కటే. దాని తర్వాత ‘బేకర్స్‌ఫీల్డ్’ మళ్ళీ వింటే వేరే సీడీలా అనిపించింది. ఫ్రాంక్లిన్ ఎక్కడ వాయిస్తున్నాడన్నది కాదు, ఎక్కడ మానేస్తున్నాడన్నది వినబడటం మొదలైంది. గిల్ నోరు తెరిస్తే ఆయన తగ్గిపోతాడు. గిల్ ఊపిరి తీసుకునే చోట ఒక్క జారు వేసి మళ్ళీ చేయి తీసేస్తాడు. కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుణ్ణి అనుసరించినట్టు. భార్య వెళ్ళిపోయాక పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తండ్రి పాట ఒకటుంది, ‘హోల్డింగ్ థింగ్స్ టుగెదర్’. అందులో ఈ పని వినండి.

‘టుగెదర్ అగైన్’ మాత్రం వేరే కథ. బక్ ఓవెన్స్ రికార్డు 1964లో వచ్చింది, స్టీల్ వాయించింది టామ్ బ్రమ్లీ. పాటలో విషయం సంతోషమే. విడిపోయిన ఇద్దరు మళ్ళీ కలిశారు, కన్నీళ్ళు ఆగాయి. కానీ రాగం, స్టీల్ ఆ మాట నమ్మవు. బ్రమ్లీ సోలో వింటే వీళ్ళు మళ్ళీ విడిపోతారని తెలిసిపోతుంది. ఫ్రాంక్లిన్ ఆ సోలో జోలికి ఎలా వెళ్ళాడా అని నాకు చాలాకాలం అనుమానం. అందరికీ కంఠతా వచ్చిన పద్యాన్ని మళ్ళీ చదవడం లాంటిది. ఆయన అందం ఆయనకి ఉంది. అయినా నా ఓటు బ్రమ్లీకే.

ఈ ఆల్బమ్‌తో నా పేచీ కూడా అక్కడే. మరీ శుభ్రంగా ఉంది. ‘ద బాటిల్ లెట్ మీ డౌన్’ 1966 నాటి హాగర్డ్ రికార్డులో రాల్ఫ్ మూనీ స్టీల్ రేకు మీద గీసినట్టు పలుకుతుంది. ఆ గరుకుతనం తాగినవాడి పాటకి కావాలి. ఫ్రాంక్లిన్ స్వరం వెన్నలా ఉంటుంది. డైర్ స్ట్రెయిట్స్ అనే రాక్ బృందం 1991 ఆల్బమ్‌లో కూడా ఆయనే వాయించాడు, అక్కడ ఆ వెన్న చక్కగా కుదిరింది. బేకర్స్‌ఫీల్డ్ పాటల్లో అప్పుడప్పుడు ఎక్కువవుతుంది. ఇంకొకటి. ‘ద ఫైటిన్ సైడ్ ఆఫ్ మీ’ నేను దాటేస్తాను. 1970 నాటి పాట, ఈ దేశం నచ్చకపోతే వదిలిపొమ్మని. హెచ్-1 వీసా పొడిగింపు కోసం కాగితాలు పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో పొద్దున్నే ట్రాఫిక్‌లో అది వినడం అంత బాగుండేది కాదు. ఇప్పుడు అలవాటుగా దాటేస్తున్నాను.

దీని తర్వాత ‘పాత తరహా’ అని పేరొచ్చిన కొత్త ఆల్బమ్‌లు చాలానే కొన్నాను. కొన్నిట్లో స్టీల్ ఉప్మా మీద జీడిపప్పులా ఉంటుంది. మొదట్లో రెండు వరసలు వినిపించి, ఇది అసలు సిసలు కంట్రీ సుమా అని చెప్పి మాయమవుతుంది. పాట మధ్యలో దాన్ని తీసేసినా ఎవరికీ తెలీదు. ఆ పేర్లు వదిలేద్దాం.

క్రిస్ స్టేపుల్టన్ ‘ట్రావెలర్’ 2015లో వచ్చింది. అందులో స్టీల్ రాబీ టర్నర్. పాత తరం గాయకుడు వేలన్ జెన్నింగ్స్ బృందంలో పని చేసినవాడు. ఇక్కడ స్టీల్ ముందుకు రాదు, గది చివర కిటికీ తెరిచి ఉన్నట్టు ఉంటుంది. గొంతు అంత పెద్దది కాబట్టి అదే సరైంది. రాత్రి పూట హైవే మీద వినాల్సిన సీడీ.

2024లో జాక్ టాప్ ‘కోల్డ్ బీర్ అండ్ కంట్రీ మ్యూజిక్’ విన్నప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డాను. కుర్రాడు వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చాడు, పాటలు మాత్రం 1990ల నాటివే అనిపిస్తాయి. ప్రొడ్యూసర్ కార్సన్ చాంబర్లిన్ ఒకప్పుడు గాయకుడు కీత్ విట్లీ బృందంలో స్టీల్ వాయించినవాడని తెలిశాక ఆశ్చర్యం తగ్గింది. స్టీల్‌కి ఎంత ఖాళీ వదలాలో స్టీల్ వాయించినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్రాడి పాటల్లో మాటలు కొన్ని తేలికే. ఆ మాటకొస్తే బక్ ఓవెన్స్ పాటల్లో కూడా కొన్ని తేలికే.

గిల్, ఫ్రాంక్లిన్ మళ్ళీ కలిసి 2023లో పాత తరం గాయకుడు రే ప్రైస్ పాటలతో ‘స్వీట్ మెమొరీస్’ చేశారు. రే ప్రైస్ బృందంలో జిమ్మీ డే, బడ్డీ ఎమన్స్ లాంటివాళ్ళు స్టీల్ వాయించారు. ఈ వాయిద్యానికి వాళ్ళు త్యాగరాజు, దీక్షితుల లాంటివాళ్ళు. ఇందులో పాటలకి నిదానం, నున్నదనం రెండూ కావాలి కాబట్టి ఫ్రాంక్లిన్ వెన్న సరిగ్గా కుదిరింది. నిజానికి పాటల ఎంపికలో నాకు ఇదే ఎక్కువ ఇష్టం. కానీ కారులో ఉండేది పాతదే. కారు మారింది, కొత్త దాంట్లో సీడీ పెట్టే చోటు లేదు, ఫోన్‌లోకి ఎక్కించాను. సీడీ డాష్‌బోర్డ్ సొరుగులో ఊరికే ఉంది.

ఎవరికైనా కొనమని చెబుతానా అంటే, ముందు బక్ ఓవెన్స్, హాగర్డ్ అసలు రికార్డులు వినండి, తర్వాత ఇది. తిరగేసి వింటే నాలా ఏళ్ళు పడుతుంది. స్టీల్ గిటార్ కొనాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. అందులో అన్నిటికన్నా పై స్థాయి తీగ మొదటిది కాదు, మూడోది. మహా సన్నం. పెడల్ తొక్కిన ప్రతిసారీ గాంధారం నుంచి మధ్యమానికి లాగుతూ ఉంటారు కాబట్టి ముందుగా తెగేది అదే. విడిగా డజను తెచ్చి పెట్టుకోండి.

పోయిన నెల అమ్మ వీడియో కాల్‌లో, "ఆ ఏడుపు పాట వాయించరా" అంది. బ్రమ్లీ సోలో మొదటి సగం వాయించాను. "జారు బాగానే ఉంది, శ్రుతి చూసుకో" అంది. రెండో సగం మొదలుపెట్టానో లేదో మూడో తీగ టప్పున తెగింది. సొరుగులో ఇంకా నాలుగున్నాయి.