ట్యాంకులో చేరిన నీటికి సీసాడు ఆల్కహాల్

పెట్రోలులో చేరిన నీటిని పోగొడుతుందని, మైలేజీ పెంచుతుందని, ఇంజను నాకింగ్‌ను (ఇంధనం తనంతట తానే అంటుకుని ఇంజను టకటక కొట్టుకోవడాన్ని) అరికడుతుందని చీటీ మీద రాసి అమ్ముతున్న ఒక అడిటివ్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. 300 మిల్లీలీటర్ల ఆ సీసాలో అధిక భాగం ఐసోప్రొపైల్ ఆల్కహాలేనని వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉంది. చెప్పిన మూడు పనుల్లో అది నికరంగా చేయగలిగినది మొదటిదొక్కటే, అదీ పెట్రోలులో ముందే ఇథనాల్ (ఇదీ ఒక ఆల్కహాలే) కలిసి లేనప్పుడు.

నీటి సంగతి గాజు సీసాలో స్పష్టంగా తెలుస్తుంది. ఇథనాల్ కలవని పెట్రోలులో నాలుగు చుక్కల నీళ్లు వేస్తే అవి అడుగున పూసల్లా నిలుస్తాయి. ఈ ద్రవం తగినంత పోసి కుదిపితే పూసలు కరిగి పెట్రోలు మళ్లీ తేటపడుతుంది. ఆల్కహాల్ అటు నీటితోనూ ఇటు పెట్రోలుతోనూ కలవగలగడమే ఇందుకు కారణం. కార్బురేటర్ అడుగున చెమ్మ చేరే పాత బండ్లకు ఇది నిజంగా పనికివచ్చే గుణం.

అయితే 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 40 లీటర్లు నింపామంటే ట్యాంకులో 4 లీటర్ల ఆల్కహాల్ అప్పటికే ఉన్నట్టు. దానికి మరో 300 మిల్లీలీటర్లు చేర్చి సాధించేదేమిటి? నీరు మరీ ఎక్కువై, ఇథనాల్‌ను తనతోపాటు అడుగుకు లాక్కుపోయి వేరే పొర కడితే, పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, కూడా పడిపోతుంది. ఆ స్థితిలో ట్యాంకు ఖాళీ చేయించాలే తప్ప ఇలాంటి సీసాలు ఎన్ని పోసినా డబ్బు దండగ.

మైలేజీ మాట ఎంతమాత్రం నిలవదు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21, ఐసోప్రొపైల్‌లో దాదాపు 24 మాత్రమే.

ఆక్టేన్ కోసమే అయితే ఎంటీబీఈ, ఈటీబీఈ వంటి ఈథర్లు నీటిని అంతగా పీల్చుకోకుండా పెట్రోలులో చక్కగా కలిసిపోతాయి. కాని భూమిలోని ట్యాంకుల నుంచి కారిన ఎంటీబీఈ భూగర్భజలాలను పాడుచేయడంతో కాలిఫోర్నియా 2004 నుంచి దానిని పెట్రోలులో కలపనివ్వడం లేదు. చలిలో ఇంజను స్టార్ట్ చేసే స్ప్రేలోని డైఇథైల్ ఈథర్‌ను మాత్రం వీటితో ఒకే గాటన కట్టి ట్యాంకులో పోయరాదు. అది తక్కువ వేడికే అంటుకుని నాకింగ్‌ను తెచ్చిపెడుతుంది.

ఇథనాల్ లేని పెట్రోలు వాడేవారు ఈ సీసాను కొనవచ్చు. ఇలాంటివే మరికొన్నింటిలో మెథనాల్ ఉంటుంది, అది అల్యూమినియం భాగాలను, కొన్ని రకాల రబ్బరు గొట్టాలను తినేస్తుంది కనుక ఏమి కలిపారో చీటీ మీద రాయని సీసాను కొనకండి.