ఎండుతున్న పైన్ చెట్టుకు యూనివర్సిటీ ల్యాబ్ పరీక్ష: నమ్మొచ్చు, నమూనా సరిగ్గా ఉంటే

అమెరికాలోని కాన్సస్, మిస్సోరీల్లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల పెరళ్లలో స్కాట్స్ పైన్, ఆస్ట్రియన్ పైన్ తరచూ కనిపిస్తాయి. ఆగస్టులో పచ్చగా ఉన్న చెట్టు దసరా నాటికి నిలువునా ఎండి, సూదులు రాలకుండా అలాగే వేలాడుతుంటే ముందు అనుమానించాల్సింది పైన్ విల్ట్ అనే, చెట్టును ఎండగొట్టే తెగులుని. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (యూనివర్సిటీ తరఫున మొక్కల గురించి సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) నమూనా ఇస్తే యూనివర్సిటీ ప్లాంట్ క్లినిక్ పరీక్షించి చెబుతుంది. ఈ సేవకు నేనిచ్చే మార్కులు 5కి 4.

చెట్టును చంపేది మిల్లీమీటరంత నులిపురుగు. సాయర్ పెంకు పురుగు దాన్ని మోసుకొస్తుంది. ల్యాబ్‌లో కొమ్మను పేళ్లుగా కోసి, నీళ్లున్న గరాటులో ఒకటి రెండు రోజులు నానబెడతారు. అడుగుకు దిగిన పురుగులను మైక్రోస్కోపులో చూస్తారు. చచ్చిన చెక్కలో హాని చేయని నులిపురుగులు కూడా ఉంటాయి, అందుకే జాతిని గుర్తుపట్టే కన్ను కావాలి. మనం డబ్బు కట్టేది ఆ కన్నుకే.

చిక్కంతా నమూనాతోనే. చాలామంది కవర్లో గుప్పెడు సూదులు పెట్టి పంపుతారు. పురుగు ఉండేది చెక్కలో! గోధుమరంగు సూదులు ఇంకా అంటుకుని ఉన్న కొమ్మల నుంచి, అంగుళం రెండంగుళాల లావు, ఆరేడు అంగుళాల పొడవున్న ముక్కలు కోయాలి. పురుగులు చెట్టంతా ఒకేలా ఉండవు, కాబట్టి రెండు మూడు వేర్వేరు కొమ్మల నుంచి తీసుకోవాలి. ఒక్క ముక్కలో 'లేదు' అని వస్తే లేనట్టు కాదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండలో కారు డిక్కీలో వదలకుండా, వారం మొదట్లోనే పోస్టు చేయండి. కోసేటప్పుడే గమనించండి: బాగున్న కొమ్మ జిగురు కారుతుంది, విల్ట్ సోకింది పొడిగా ఉంటుంది. ఇది అనుమానానికే, రుజువు కాదు.

క్లినిక్‌కి ఫొటో పంపితే చూసి చెప్పే సేవ విల్ట్‌కి పనికిరాదు, ఒక మార్కు తగ్గించింది అందుకే. కింది కొమ్మల కొత్త చిగుళ్లు కురచబడి ఎండి, పాత కాయల పొలుసుల మీద నల్లచుక్కలుంటే అది విల్ట్ కాదు, డిప్లోడియా అనే శిలీంధ్ర తెగులు. సూది మొదలు పచ్చగా, కొస గోధుమగా, మధ్య ఎర్రపట్టీ ఉంటే డోథిస్ట్రోమా అనే మరో శిలీంధ్ర తెగులు. వీటికి 10ఎక్స్ భూతద్దం, మంచి ఫొటో చాలావరకు సరిపోతాయి.

విల్ట్ అని తేలితే మందుతో బతికించలేం. పెంకు పురుగులు బయటికి రాకముందే, అంటే మే 1 లోగా, నేలమట్టంగా కొట్టి చిన్న చెక్కపేళ్లుగా (చిప్స్) చేయించండి లేదా కాల్చండి. కట్టెలుగా దాచొద్దు.