ఐసెట్‌కు ఇరవై నాలుగు రోజులు: దిల్‌సుఖ్‌నగర్ హాస్టలా, నల్లగొండ లైబ్రరీయా?

మొన్న నకిరేకల్ నుంచి మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. బీకాం ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అప్పుడే అయిపోయాయి. ఇక ఎంబీఏ, ఎంసీఏల్లో చేరడానికి తెలంగాణ ఐసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. "అన్నా, ఐసెట్‌కు ఇంక ఇరవై నాలుగు రోజులే ఉంది. మా దోస్తులందరు హైదరాబాద్ల దిల్‌సుఖ్‌నగర్ పోతున్నరు. షార్ట్ టర్మ్ కోచింగ్ బ్యాచ్ అట. నన్ను గూడ పొమ్మంటవా? నాయిన పైసలిస్తనంటుండు."

ఆ ఆఖరి మాట కాడ గొంతు కొంచెం తగ్గింది. ఆ పైసలు యాసంగి వడ్లవి. వడ్లేమో ఇంకా సర్కారు కొనే ఐకేపీ సెంటర్లోనే కుప్ప పోసి ఉన్నాయి, కాంటా కాలేదు.

ఈ పరీక్ష నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి, రెండోసారి నల్లగొండలోనే ఉండి. రెండుసార్లూ చేతిలో నెల రోజులు కూడా లేవు. అందుకే నన్నడిగింది.

ఎక్కడ చదవాలో తేల్చుకునే ముందు పరీక్ష ఏమడుగుతుందో చూడాలి. 150 నిమిషాలు, 200 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. అనలిటికల్ ఎబిలిటీకి 75, మ్యాథమెటికల్ ఎబిలిటీకి 75, కమ్యూనికేషన్ ఎబిలిటీకి 50. నెగెటివ్ మార్కులు లేవు. జనరల్ వాళ్ళకు అర్హత మార్కులు 25 శాతం, అంటే 50. నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి కళ్ళు మూసుకుని నొక్కుకుంటూ పోయినా సగటున వచ్చేవి ఆ 50యే. కాబట్టి "క్వాలిఫై అయిన" అని ఎవరన్నా మిఠాయి పంచితే తినండి, అంతకు మించి పట్టించుకోకండి. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీ కావాలంటే ర్యాంకు రావాలి. లెక్కల్లో దాదాపు సగం శాతాలు, లాభనష్టాలు, కాలం-పని, నిష్పత్తులు లాంటివి. హైస్కూల్లో అందరం చేసినవే. కాయితం మీద తీరిగ్గా చేయమంటే ఎవరైనా చేస్తారు. 45 సెకన్లలో చేయమంటేనే చెమటలు పడతాయి.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్‌లో దిగితే దిల్‌సుఖ్‌నగర్ పక్కనే. అక్కడికి పోవడం వల్ల లాభం లేదని అనను. ఒక గదిలో అరవై మంది ఒకే పరీక్ష కోసం కూర్చుంటే మనకూ ఊపు వస్తుంది. ఇంట్లో లేని క్రమశిక్షణ గంట కొట్టగానే వస్తుంది. కానీ నాకు జరిగింది చెప్తాను. చేరడానికి ఒక రోజు, హాస్టల్ మారడానికి ఒక రోజు (మొదటి హాస్టల్లో నీళ్ళు పొద్దున ఏడు దాకానే), మూడో రోజు నుంచి కడుపు నొప్పి. బ్యాచ్ నేను చేరేసరికే సగం నడిచింది. అక్కడి లెక్కల సారు చాలా బాగా చెప్పేవారు, అదే చిక్కు. ద్విపద సిద్ధాంతం మూడు రోజులు చెప్పారు. సిలబస్‌లో అది ఉంది, మాతృకలు, అవధులు కూడా ఉన్నాయి. కానీ ఆల్జీబ్రా, జామెట్రీ అంతా కలిపి వచ్చేవి 30 ప్రశ్నలు. అందులో ద్విపదకు ఎన్నొస్తాయి? బీకాం చదివిన నాకు ఆ మూడు రోజులు పోయినట్టే. క్లాసు ఎప్పుడూ సిలబస్ వెంట నడుస్తుంది, నాకు ఏది రాదో దానికి తెలియదు. ఫీజు, హాస్టల్ కలిపి 18 వేలు అయింది. పరీక్ష ముందు రోజు లెక్క చూసుకుంటే, గడియారం పెట్టుకుని పూర్తిగా రాసిన పేపర్లు రెండు.

హాస్టల్ ఖర్చు తప్పించుకోవడానికి రోజూ పోయి వస్తామనే వాళ్ళున్నారు. పాలమూరు వైపు ఇది మరీ ఎక్కువ. మహబూబ్‌నగర్‌లో పొద్దున రైలెక్కి కాచిగూడలో దిగడం, లేదా జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా బస్సు. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు అనుకుందాం. ఇరవై నాలుగు రోజులకు 96 గంటలు. ఒక్కో పేపరుకు రెండున్నర గంటల చొప్పున 38 పేపర్లు రాయొచ్చు ఆ సమయంలో. బస్సులో చదువుకుంటామంటారు. నిలబడి చదువుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఈ దారి గురించి ఇంతకన్నా మాట్లాడటం అనవసరం.

ఫోన్లో వీడియోల గురించి చెల్లె తనే అడిగింది. "ఫ్రీగ మస్తున్నయి గదన్నా" అని. ఉన్నాయి, నిజమే. అక్షరాలను గుర్తులుగా మార్చే కోడింగ్-డీకోడింగ్ ఎట్లా చేయాలో, క్యాలెండర్ లెక్క ఎట్లా తేల్చాలో తెలియకపోతే ఒక వీడియో చాలు. పది మాత్రం చూడొద్దు. వీడియోలో వేరేవాళ్ళు లెక్క చేస్తుంటే మనకు అంతా అర్థమైనట్టే ఉంటుంది. కిందికి తోస్తే ఇంకొకటి, దాని కింద ఇంకొకటి, ఆ తర్వాత క్రికెట్. నా అంచనాలో ఇది దిల్‌సుఖ్‌నగర్ కన్నా అధ్వానం. అక్కడ కనీసం పైసలు పోయాయన్న బాధన్నా ఉంటుంది.

ఇక ఊళ్ళోనే ఉండి చదవడం. దీన్ని మెచ్చుకునే ముందు దీని శత్రువు ఎవరో చెప్పాలి. ఇల్లే. మే నెల అంటే మన దగ్గర పెళ్ళిళ్ళు, వడ్లు, ఎండ. ఒక రోజు మేనత్త కొడుకు పెళ్ళి, ఇంకో రోజు దశదినకర్మ. మబ్బు పడితే చాలు "టార్పాలిన్ కప్పిరాపో బిడ్డా" అని పిలుపు. పిల్లలు చదువుకుంటున్నారంటే అమ్మానాన్నలు సంతోషిస్తారు, కానీ పుస్తకం ముందు కూర్చుని రాయకుండా ఆలోచిస్తున్న పిల్లలు వాళ్ళ కంటికి ఖాళీగానే కనపడతారు. మధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చుని రెండున్నర గంటల పేపరు రాయడం నల్లగొండ ఎండల్లో అయ్యే పని కాదు.

రెండోసారి నేను చేసింది మధ్యలో దారి. ఇంట్లో పడుకున్నాను, చదివింది జిల్లా గ్రంథాలయంలో. పొద్దున సద్దన్నం తిని, టిఫిన్ డబ్బా పట్టుకుని ఊరి బస్సెక్కితే తొమ్మిదికల్లా గడియారం సెంటర్. అక్కడ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదివేవాళ్ళ మధ్య ఒక కుర్చీ. ఎవరూ పలకరించరు, అదే కావాల్సింది. మొదటి రోజు ఏమీ చదవకుండానే పాత పేపరు ఒకటి గడియారం పెట్టుకుని రాశాను. 78 వచ్చాయి. సిగ్గేసింది గానీ ఆ కాయితమే నాకు సిలబస్ అయింది. ఎక్కడ తప్పాను, ఎక్కడ వచ్చి కూడా టైం చాలక వదిలేశాను, ఈ రెండింటినీ వేర్వేరు రంగుల్లో గీశాను. రెండో రంగే ఎక్కువుంది.

ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక పేపరు. మధ్య రోజున ఆ పేపరులో తప్పినవి మాత్రమే. మన ఐసెట్ పాత పేపర్లు అయిపోతే ఆంధ్ర ఐసెట్‌వి తీసుకున్నాను, అక్కడా 200 ప్రశ్నలే, 150 నిమిషాలే.

ఇట్లా చేస్తే ఏం మారుతుందో డేటా సఫిషియెన్సీ తీసుకుని చెప్తాను. 20 ప్రశ్నలు వస్తాయి. జవాబు తేల్చడానికి ఇచ్చిన వాక్యాలు సరిపోతాయా లేదా అన్నదే అందులో అడిగేది. ఉదాహరణకు: రాజు వయసెంత? ఒకటో వాక్యం: రాజు, లత వయసుల మొత్తం 40. రెండో వాక్యం: రాజు కన్నా లత 4 ఏళ్ళు చిన్నది. క్లాసులో సారు దీన్ని పూర్తిగా చేసి రాజుకు 22, లతకు 18 అని బోర్డు మీద గీత కొట్టేవారు. అందరం రాసుకునేవాళ్ళం. కానీ రాజు వయసు ఎవరికి కావాలి? తెలియనివి రెండు, సమీకరణాలు రెండు, రెండూ కలిస్తేనే తేలుతుంది, అంతే జవాబు. 22 అని తేల్చడానికి పెట్టిన ఇరవై సెకన్లు వృథా. ఇట్లా మధ్యలోనే ఆగిపోవడం ఒకరు చెబితే రాదు. నాలుగు పేపర్లు టైం చాలక పాడు చేసుకుంటే వస్తుంది. తేదీల లెక్కలూ అంతే. 2025 జూన్ 8 ఆదివారం అయితే వంద రోజుల తర్వాత ఏ వారం? వందను ఏడుతో భాగిస్తే మిగిలేది 2, మంగళవారం. వేళ్ళు లెక్కపెడితే 45 సెకన్లు అక్కడే తెల్లారిపోతాయి.

ఇంకో మాట, మార్కులు సమానమైతే ముందు అనలిటికల్ సెక్షన్‌లో ఎక్కువ వచ్చినవాళ్ళకే మంచి ర్యాంకు. అందుకే తక్కువ రోజులుంటే పొద్దున తాజాగా ఉన్న గంటలు దానికే పెట్టాలి. కమ్యూనికేషన్ సెక్షన్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగు మీడియం వాళ్ళం దాన్ని చూసి జడుస్తాం. కానీ అందులో 10 ప్రశ్నలు బిజినెస్, కంప్యూటర్ పదజాలం. బీకాం వాళ్ళకు సగం ముందే వచ్చు, మిగతాది రెండు సాయంత్రాల పని. ప్యాసేజీల్లో 15 ఉన్నాయి, వాటికి చదివే ఓపిక ఉంటే చాలు. కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకోవడానికి మాత్రం ఇరవై నాలుగు రోజులు పెట్టుకోవద్దు.

ఒక్క లోటుంది ఈ పద్ధతిలో. పరీక్ష కంప్యూటర్ మీద, మనం రాసేది కాయితం మీద. తెర మీద ప్రశ్న చూసి, కింద రఫ్ కాయితం మీద లెక్క చేసి, మళ్ళీ తల ఎత్తేసరికి మెడ నొప్పితో పాటు నాలుగైదు సెకన్లు పోతాయి. మూడు నాలుగు పేపర్లన్నా నెట్ సెంటర్లో కూర్చుని తెర మీద రాయాలి. ఆఖరి మూడు నిమిషాలు మిగిలిన ప్రశ్నలన్నిటికీ ఏదో ఒకటి నొక్కడం కూడా అక్కడే అలవాటు చేసుకోవాలి. నలభై ఖాళీగా వదిలేస్తే సగటున పది మార్కులు వదిలేసినట్టు.

మరి దిల్‌సుఖ్‌నగర్ ఎవరికీ వద్దా? శాతం లెక్క చూడగానే చేతులు వణికేవాళ్ళు, డిగ్రీలో లెక్కల ముఖం చూడనివాళ్ళు ఉంటారు. వాళ్ళకు పాత పేపరు ఇస్తే తప్పులు కనపడతాయి గానీ ఎందుకు తప్పో తెలియదు. వాళ్ళకు ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి కావాలి. అయినా ఆ మనిషి హైదరాబాద్‌లోనే ఉండాలని ఏముంది? నల్లగొండలోనో మిర్యాలగూడలోనో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పే లెక్కల సారును పట్టుకుని, రోజూ గంట, మీ తప్పుల కాయితం ముందు పెట్టి కూర్చుంటే అరవై మంది క్లాసు కన్నా మేలు. ఇంట్లో అసలు కుదరదు, లైబ్రరీకి వచ్చే బస్సు లేదు, పెళ్ళి మాట నడుస్తున్న ఆడపిల్ల, ఇట్లాంటి వాళ్ళకైతే హాస్టలే దిక్కు. అప్పుడు కూడా క్లాసు కోసం కాక గది కోసం పోతున్నామని గుర్తుంచుకుని, సగం క్లాసులు ఎగ్గొట్టి పేపర్లు రాసుకోవాలి.

తమాషా ఏమిటంటే, 2025 ఐసెట్‌ను నిర్వహించింది మన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీయే. పరీక్ష ఇక్కడికొస్తే, మనం బ్యాగులు సర్దుకుని అక్కడికి పోతున్నాం.

చెల్లెకు ఇదంతా చెప్పలేదు. "ముందు ఒక పాత పేపరు రాయి, గడియారం పెట్టుకొని. రాసినంక మాట్లాడుదం" అన్నాను. నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేసింది. 83 వచ్చాయట. డేటా సఫిషియెన్సీలో ఇరవైకి ఆరు. టైం చాలక ముట్టుకోనివి యాభై ఒకటి.

"యాభై ఒకటి ఎందుకు వదిలిపెట్టినవ్, ఏదో ఒకటి గీకొద్దా?"

"రానిది ఎట్ల గీకుతనన్నా," అంది. కాసేపాగి, "లైబ్రరీల ఫ్యాన్ కింద కుర్చీ దొరకాల్నంటే ఎన్ని గంటలకు రావాలె?" అని అడిగింది.